పళ్ళు కనిపించే నవ్వు

ఇవాళ మనం పెన్సిలుతో ఒక నవ్వు గీద్దాం. పెదవులు మూసుకుని నవ్వే చిరునవ్వు కాదు, నోరారా నవ్వే నవ్వు, పై వరస పళ్ళన్నీ బయటపడే నవ్వు. మీ దగ్గర ఒక తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు, ముఖం చూసుకునే చిన్న అద్దం ఉంటే చాలు. ఒక మట్టిగాజు కూడా పక్కన పెట్టుకోండి. దాని పని మధ్యలో వస్తుంది.

మా జహీరాబాద్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో, మనిషి బొమ్మ గీయించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది పోయినవాళ్ల బొమ్మ కోసమే వస్తారు. చేతిలో ఆధార్ కార్డు ఉంటుంది, లేకపోతే పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. పోయిన ఆ మనిషి జీవితం మొత్తంలో ఒంటరిగా దిగిన ఫొటో అదొక్కటే అయి ఉంటుంది. కెమెరా ముందు కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి తీసిన ఫొటో. కళ్లు బిగుసుకుపోయి, మూతి ముడుచుకుపోయి ఉంటుంది. "మా అవ్వ గిట్ల ఉండకపోయేది సార్. ఎప్పుడు జూసినా నవ్వు మొకమే. నవ్వినట్టు గియ్యిండ్రి" అంటాడు కొడుకు. ఈ మాట ఒక్కరు కాదు, వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒక రూపంలో అంటారు. వాళ్లు అడిగేది న్యాయమైన కోరిక. ఆ మనిషిని వాళ్లు గుర్తుపెట్టుకున్నది ఆ నవ్వుతోనే.

కానీ ముఖంలో అన్నిటికంటే కష్టమైనది అదే. ముక్కు, చెవి, జుట్టు సాధన చేస్తే పట్టుబడతాయి. పళ్ళున్న నవ్వు దగ్గరికి వచ్చేసరికి చేయి తిరిగినవాళ్ల బొమ్మ కూడా తడబడుతుంది. ఒక్క గీత ఎక్కువైతే నవ్వే మనిషి పళ్ళు కొరుకుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే కాబోలు, పాతకాలపు చిత్రకారులు పళ్ళ జోలికి పెద్దగా వెళ్లలేదు. మన చేర్యాల పటాలు చూడండి, తోలుబొమ్మలు చూడండి. కోరలూ పళ్ళూ రాక్షసులకు, ఉగ్రరూపాలకు. శాంతంగా ఉండే దేవతల పెదవులు మూసే ఉంటాయి. ఫ్రాన్సులో ఎలిజబెత్ విజె లె బ్రాఁ అనే చిత్రకారిణి తన బిడ్డను ఎత్తుకుని, పెదవులు కొంచెం విడివడి, పళ్ళు లీలగా కనిపించేలా తన బొమ్మ తానే వేసుకుంది. 1787లో పారిస్ ప్రదర్శనలో దాన్ని పెడితే, మర్యాదస్తులు పళ్ళు చూపించి నవ్వడం ఏమిటని విమర్శ వచ్చింది. ఒక తల్లి తన బిడ్డను హత్తుకుని నవ్వినందుకు!

మన దగ్గర ఫొటోలు వచ్చాక కూడా అదే తీరు. 1880ల్లో రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్నాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా తెరిచాడు. ఆయన తీసిన ఫొటోల్లో నగలు, తలపాగాలు, పట్టు అంచులు ఒక్కో పోగు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. నవ్వు మాత్రం వెతుక్కోవాలి. కెమెరా ముందు చాలాసేపు కదలకుండా కూర్చోవాల్సి రావడమే కారణమని చెబుతుంటారు. మొదటి రోజుల్లో అది నిజమే. కానీ దీన్‌దయాళ్ కాలానికి డ్రై ప్లేట్లు వచ్చేశాయి, అంతసేపు బిగుసుకు కూర్చునే అవసరం చాలావరకు తీరిపోయింది. అయినా జనం నవ్వలేదంటే, ఫొటో అంటే గంభీరంగా ఉండాలన్న అలవాటే కారణమని నా నమ్మకం. ఆ అలవాటు మన ఆధార్ కార్డుల దాకా వచ్చింది.

సరే, పెన్సిలు తీసుకోండి. పెన్సిలు మీద హెచ్, బి అనే అక్షరాలు ఉంటాయి. లోపలి ములుకు గ్రాఫైట్, బంకమట్టి కలిపి కాల్చి చేస్తారు. ఈ పద్ధతిని 1795లో ఫ్రాన్సులో నికోలా జాక్ కాంటె కనిపెట్టాడు. మట్టి పాలు పెరిగితే ములుకు గట్టిపడి గీత పలచగా పడుతుంది, అది హెచ్ వైపు. గ్రాఫైట్ పాలు పెరిగితే మెత్తబడి నల్లగా పడుతుంది, అది బి వైపు. బడిపిల్లలు రాసుకునే పెన్సిలు చాలావరకు హెచ్‌బి. ఈ బొమ్మకు హెచ్‌బి, 2బి, 4బి మూడూ ఉంటే మంచిది. స్టేషనరీ కొట్లో అప్సర డ్రాయింగ్ పెన్సిళ్ల డబ్బా అడిగితే ఇస్తారు. ఒక్క పెన్సిలే ఉంటే దానితోనే మొదలుపెట్టండి, ఒత్తిడి తగ్గిస్తూ పెంచుతూ గీస్తే సరిపోతుంది.

పళ్ళ దగ్గర మొదలుపెట్టకండి. ముందు అద్దంలో చూస్తూ, ఎవరో నవ్వమంటే నవ్వినట్టు నోరు మాత్రం సాగదీయండి. తర్వాత మీకు బాగా నవ్వొచ్చిన ఏదో సంగతి తలుచుకుని నిజంగా నవ్వండి. రెండోసారి ఏం మారిందో గమనించారా? బుగ్గలు పైకి లేచాయి. కింది రెప్ప కింద చిన్న ఉబ్బు వచ్చింది. కళ్లు సన్నబడ్డాయి. కంటి చివర ముడతలు పడ్డాయి. డ్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు ముఖం కండరాలను కరెంటుతో కదిలించి ఈ తేడాను పరీక్షించి 1862లో పుస్తకం వేశాడు. పెదవుల మూలలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం సంతోషం వస్తేనే కదులుతుందని అతను తేల్చాడు. పదేళ్ల తర్వాత, 1872లో, చార్లెస్ డార్విన్ భావాల గురించి రాసిన తన పుస్తకంలో ఆ ఫొటోలు వాడుకున్నాడు. బొమ్మ గీసేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. కళ్లు, బుగ్గలు సరిగా పడితే పళ్ళ దగ్గర చిన్న లోపం ఉన్నా నవ్వు నిలబడుతుంది. కళ్లు తప్పితే పళ్ళు ఎంత బాగా గీసినా ఆ నవ్వు అతికించినట్టే ఉంటుంది.

కాబట్టి కళ్లు ముందు. తర్వాత ముక్కు పక్క నుంచి నోటి మూలల దాకా దిగే మడత. దాన్ని గట్టి గీతలా వేయకండి, వయసు పదేళ్లు పెరిగిపోతుంది. మడతకు ఒకవైపు బుగ్గ ఉబ్బు, రెండోవైపు నీడ. ఆ నీడను మాత్రమే 2బితో మెత్తగా వేసి వదలండి. ఆ తర్వాతే పెదవులు. నవ్వినప్పుడు పై పెదవి సాగి పలచబడుతుంది, దాని మధ్యలో ఉండే వంపు కొంత చదునవుతుంది. కింది పెదవి పడవ అడుగులా వంగుతుంది. పై పళ్ళ కొసలు కూడా చాలామందిలో అదే వంపును అనుసరిస్తాయి. పళ్ళ కొసలను స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఒకే వరసలో పెడితే ఆ నవ్వు బిగుసుకుపోతుంది.

ఇప్పుడు గాజు తీయండి. గాజు చుట్టూ సమాన దూరంలో స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టండి. గాజును కంటికి ఎదురుగా, బల్ల మీద పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకుని, మీ వైపున్న సగాన్ని చూడండి. మధ్యలో చుక్కల మధ్య దూరం ఎక్కువ, పక్కలకు వెళ్లేకొద్దీ దగ్గర దగ్గరగా ముడుచుకుపోతాయి. పళ్ళ వరసా అంతే. ఎదురుగా ఉన్న రెండు ముందు పళ్ళు పూర్తి వెడల్పుతో కనిపిస్తాయి. ఒక్కోటి సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వాటి పక్కవి సహజంగానే సన్నవి, ఆరున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. కోరపన్ను అసలు కొలతలో దానికంటే వెడల్పే, ఏడున్నర దాకా ఉంటుంది. కానీ అది మలుపు దగ్గర నిలబడి ఉంటుంది కాబట్టి మనకు సగమే కనిపిస్తుంది. దాని వెనకవి ఇంకా సన్నగా, నీడలోకి జారిపోతూ ఉంటాయి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు చదివే పిల్లలు కూడా పది పళ్ళనూ ఒకే వెడల్పుతో వేస్తుంటారు. ఒక్కసారి గాజు చేతికిస్తే చాలు, మళ్లీ అలా వేయరు.

ముందు పళ్ళ మధ్య గీత ముక్కు కింద గాడికి సూటిగా దిగుతుందా, పక్కకు జరిగిందా అన్నది మొట్టమొదట చూడాలి. చాలామందికి కొంచెం జరిగే ఉంటుంది. ముఖం పక్కకు తిరిగి ఉంటే గాజును కూడా అటే తిప్పి చూసుకోవచ్చు.

ఇక అసలు విషయం. పళ్ళు తెల్లగా ఉండవు. మనం తెలుపు అనుకుంటాం. పన్ను పైపొర ఎనామిల్ కొంత కాంతిని లోపలికి పోనిస్తుంది, దాని అడుగున డెంటిన్ లేత పసుపు. అందుకే డెంటిన్ ఎక్కువగా ఉండే కోరపళ్ళు పక్కవాటి కంటే కాస్త ముదురుగా కనిపిస్తాయి. పైగా పై పెదవి నీడ పళ్ళ పై భాగం మీద పడుతుంది. నోటి మూలల్లో బుగ్గకూ పళ్ళకూ మధ్య చిన్న చీకటి సందు ఉంటుంది. కాగితం తెల్లగా వదిలేయాల్సిన చోటు మొత్తం నోట్లో గోటి మీద చుక్కంత కూడా ఉండదు. ముందు పళ్ళ మీద తడి మెరిసే చోటు, అంతే. మిగిలినదంతా ఏదో ఒక మోతాదులో నీడ వేయాల్సిందే.

పన్నుకూ పన్నుకూ మధ్య పైనుంచి కిందికి నల్లగీత గీయడం పెద్ద ప్రమాదం. నిజంగా అక్కడ గీత ఉండదు. పైన చిగురు పళ్ళ మధ్యకు చిన్న ముక్కోణంలా దిగి ఉంటుంది. కింద కొసల దగ్గర పళ్ళ మధ్య మరో చిన్న ముక్కోణం, తలకిందులుగా, దాని వెనక నోటి చీకటి. పై ముక్కోణాలు లేతగా, కింది ముక్కోణాలు ముదురుగా వేయండి. మధ్యలో పన్నుకు పన్ను ఆనుకున్న చోట పెన్సిలు కాగితాన్ని తాకీ తాకనట్టు పోవాలి. పళ్ళను గీయకుండా పళ్ళ చుట్టూ ఉన్నదాన్ని గీయాలి. చిగుళ్లు, పెదవి, లోపలి చీకటి, మూల సందులు. ఇవి సరిగా పడితే పళ్ళు వాటంతటవే కాగితంలోంచి బయటికి వస్తాయి. పక్కనుండి చూసేవాళ్లకు ఇది నమ్మశక్యం కాదు. గీస్తున్న మనకూ ప్రతిసారీ ఆనందమే.

నోటి లోపలి చీకటి 4బితో వేయండి, అయితే ఒకే నలుపు పులమకండి. కింది పళ్ళు కనిపిస్తే వాటిని పై పళ్ళ కంటే ఒక మోతాదు ముదురుగా ఉంచండి. నాలుక అంచు ఉంటే లేత మెరుపు. వేలితో మాత్రం రుద్దకండి, చర్మం జిడ్డు కాగితానికి పట్టుకుని తర్వాత చెరగదు. కాగితం చుట్టి చేసిన స్టంప్ వాడండి, లేకపోతే చెవి పుల్లకున్న దూది. చివరి మెరుపు రబ్బరు మూలను బ్లేడుతో పదునుగా కోసి, ఒక్క తాకుతో తీయాలి.

ఇంకో మాట మన దక్కను వాళ్ల కోసం ప్రత్యేకంగా చెప్పాలి. నేర్చుకునే పిల్లలకు దొరికే నమూనా బొమ్మల్లో చాలావరకు తెల్లతోలు ముఖాలే ఉంటాయి. వాటిని చూసి గీసేవాళ్లు చర్మాన్ని దాదాపు కాగితం రంగులోనే వదిలేస్తారు. ఎండలో పని చేసిన మన ఝరాసంగం రైతు ముఖం అలా గీస్తే అతను ఆ బొమ్మలో ఉండడు. అతని బుగ్గకు 2బి పొరలు మూడో నాలుగో పడాలి. దవడ కిందికి, మెడకు 4బి దిగాలి. అంత ముదురు చర్మం పక్కన పళ్ళకు మీరు వేసిన లేత బూడిద నీడ కూడా తెల్లగా మెరుస్తుంది. ఆ బలం మన ముఖాల్లో ఉంది. చర్మాన్ని భయపడి పలచగా వదిలేసి, పళ్ళు తెల్లగా రావడం లేదని రబ్బరుతో అరగదీసే పిల్లలను చూస్తే నాకు బాధ వేస్తుంది. ముఖాన్ని దాని అసలు రంగు దాకా తీసుకెళ్లండి, నవ్వు దానంతట అదే వెలుగుతుంది.

అలాగే పళ్ళను సరిదిద్దకండి. టూత్‌పేస్టు ప్రకటనల్లో ఉండే పళ్ళు మా అల్లం మార్కెట్‌లో ఎవరికీ ఉండవు. తాంబూలం వేసుకునే అవ్వ పళ్ళ సందుల్లో ఎర్రటి గార ఉంటుంది, పెన్సిల్లో అది ముదురు అంచులా వస్తుంది. చిన్నప్పటి నుంచి చెరకు పన్నుతోనే చీల్చి తిన్నవాళ్లకు ముందు పన్ను మూల విరిగి ఉంటుంది. ఒకరికి ముందు పళ్ళ మధ్య సందు, ఒకరికి పన్ను మీద పన్ను. ఏడేళ్ల పిల్లాడికి పాలపళ్ళు ఊడిన చోట ఖాళీ, పక్కనే అప్పుడే మొలిచిన పెద్ద పన్ను రంపపు అంచుతో ఉంటుంది. ఆ సన్నటి గాట్లు వేస్తేనే పిల్లాడి వయసు తెలుస్తుంది. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ళ మీద సుద్ద రంగు మచ్చలు, గోధుమ రంగు చారలు ఉంటాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఒక తరం మొత్తం తాగింది. ఆ చారలను చెరిపేసి గీయడం అంటే ఆ మనిషి బతుకులో ఒక భాగాన్ని చెరిపేయడమే. అడగకుండా దాన్ని దాచే హక్కు బొమ్మ గీసేవాడికి లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఒకవేళ ఆ మనిషే దాచమని అడిగితే అది వేరే సంగతి. అప్పుడు పెదవులు కొంచెం దగ్గరికి తెచ్చి గీయవచ్చు.

ఇందాక చెప్పిన కొడుకు సంగతికి వస్తాను. ఆధార్ ఫొటోలో మూతి మూసి ఉంది. ఆమె పళ్ళు నేను చూడలేదు. ఎలా గీయాలి? ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ ఉందా అని అడుగుతాను. బంతి భోజనాల ఫొటోలో, పెళ్ళికూతురి వెనక గుంపులో, ఎక్కడో ఒక మూలన ఆమె నవ్వుతూ దొరుకుతుంది. ఆ ముఖం గోరంత ఉన్నా సరే, సందు ఉందో లేదో, ఏ వైపు పెదవి ఎక్కువ లేస్తుందో తెలుస్తుంది. అదీ లేకపోతే అక్కచెల్లెళ్లను, కూతుళ్లను నవ్వమని చూస్తాను. దవడ తీరు ఇంటి పోలికల్లో వస్తుంది. ఏ ఆధారమూ దొరకకపోతే పళ్ళు కల్పించను. పెదవులు మూసి ఉంచి, కళ్లూ బుగ్గలూ మాత్రం నవ్వేలా గీస్తాను. ఇంకొకరి పళ్ళు తెచ్చి ఆమె నోట్లో పెడితే, ఇంట్లోవాళ్లు ఏం తేడా వచ్చిందో చెప్పలేకపోయినా, ఈమె మా అవ్వ కాదని మాత్రం వెంటనే కనిపెడతారు.

చూసి నేర్చుకోవడానికి మా ప్రాంతంలో చోట్లకు కొదవ లేదు. శివరాత్రికి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరస్వామి జాతర ఉంది. సంక్రాంతి దాటాక డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జరిపే పాత పంటల జాతర ఉంది. జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలను ఎడ్లబండ్ల మీద అలంకరించి ఊరూరా తిప్పుతారు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన ఆ సంస్థలో ఎక్కువమంది దళిత మహిళా రైతులే. ఆ జాతరలో ఒక అవ్వ దగ్గర కూర్చుని, ఈ విత్తనం మీ అత్త కాలం నాటిదా అని అడగండి. నవ్వమని చెప్పి నవ్వించిన నవ్వుకూ, తన విత్తనం గురించి చెబుతూ వచ్చిన నవ్వుకూ తేడా కళ్లలోనే పట్టేస్తారు. ముందు అనుమతి అడగండి. ఫోనులో ఫొటో తీసుకోండి, కానీ ఫ్లాష్ వేయకండి. ఫ్లాష్ నోటిలోపలి నీడను తినేస్తుంది, పళ్ళు తెల్ల పట్టీలా మిగులుతాయి. పొద్దుటి ఎండ ఒక పక్క నుంచి పడేటప్పుడు తీసిన ఫొటో అయితే సగం పని అదే చేసి పెడుతుంది.

పెన్సిలుతో ఏం వస్తుందిలే, రంగులుంటేనే బొమ్మ అనుకునే పిల్లలకు చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ గురించి చెబుతుంటాను. 1940లో మన పాత మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు, హైదరాబాద్ దూరదర్శన్‌లో పనిచేశారు, 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఎచింగులు, పెన్సిలు బొమ్మలు ఎక్కడైనా కనిపిస్తే దగ్గరికి వెళ్లి చూడండి. పల్లె మనుషులు, మేకలు, చెట్లు, ఒంటి మీద ఒక్కో ముడత. ఆ గీత ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ వదిలేసిందో చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు. మన పక్క ఊరి మనుషుల ఒళ్లు, ముఖాలు అంత పెద్ద కళకు చాలినంత ముడిసరుకు అని ఆ గీత చూస్తే తెలుస్తుంది.

ఇవాళ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. పళ్ళు ఊడిపోయాయని వాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు, పర్వాలేదని చెప్పండి. పళ్ళు లేని చోట పెదవి లోపలికి ముడుచుకుంటుంది, మిగిలిన పన్ను దగ్గర మళ్లీ కొంచెం ఉబ్బుతుంది. పెదవి ఎక్కడ లోపలికి దిగుతోందో, ఎక్కడ లేస్తోందో ముందు గీసి, ఆ తర్వాత పన్ను పెట్టండి. రెండు పళ్ళే మిగిలిన నవ్వు అన్నిటికంటే సులువుగా వస్తుందని అనుకుంటాం. నిజానికి దానికి ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే చీకటి ఎక్కువ, ఆ చీకటిలో చిగుళ్ల మెరుపు సన్నగా వేరే మోతాదులో ఉంటుంది. తొందరపడకండి. గీయడం అయ్యాక కింద పేరు, ఊరు, తేదీ రాసి, పైన బటర్ పేపరు కప్పి పుస్తకంలో పెట్టండి. గ్రాఫైట్ రుద్దుకుంటే మొదట పోయేది పళ్ళ మీద మీరు వేసిన ఆ లేత నీడలే.